క్యాసెట్‌లో ఉన్నది ఎవరు?

ఇంట్లో పేరుకుపోయిన వీడియోలను వరుసలో పెట్టడానికి కంప్యూటర్ చాలు. అందులోని మనుషుల్ని గుర్తుపట్టడానికి మాత్రం మరో మనిషే కావాలి

సినిమా డిస్కయితే పని క్షణాల్లో అయిపోతుంది. అట్ట వెనకున్న బార్‌కోడ్ చూపిస్తే మూవీ కలెక్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో వెతికి వివరాలన్నీ తెచ్చి పెడుతుంది. బార్‌కోడ్ లేకపోతే పేరు కొట్టినా సరే. మాయాబజార్ అనగానే 1957, దర్శకుడు కె.వి. రెడ్డి, ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు అంటూ గడులన్నీ వాటంతటవే నిండిపోతాయి. సినిమా గురించి లోకానికంతా తెలుసు. 1990లో మొదలైన ఐఎండీబీకి మరీ బాగా తెలుసు.

మరి అట్టమీద బాల్‌పెన్నుతో ‘చిన్నోడి పెళ్లి-2’ అని రాసి ఉన్న క్యాసెట్ సంగతేమిటి? ఏ చిన్నోడు? ఒకటో భాగం ఏమైంది? ఏ సర్వర్‌నడిగినా జవాబు రాదు. ఇళ్లలో వీడియోలు దాచుకునేవారు చాలామంది వాడే ప్లెక్స్ సాఫ్ట్‌వేర్‌లో సినిమాలకో అర, సీరియళ్లకో అర, పాటలకో అర ఉంటాయి. ఇలాంటి క్యాసెట్లు వెళ్లి చేరేది ‘ఇతర వీడియోలు’ అన్న అరలోకి. పేరులోనే ఉంది వాటికి దక్కే మర్యాద.

రాజమండ్రిలోని ఓ ఇంట్లో ఈ ‘ఇతర’ బాపతు 43 ఉన్నాయి: 29 వీహెచ్ఎస్ క్యాసెట్లు, ఎనిమిది మినీడీవీలు, ఆరు సీడీలు. 1986 నుంచి 2009 దాకా ఆ కుటుంబంలో జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఒక షష్టిపూర్తి, ఒక తద్దినం (దాన్నెందుకు వీడియో తీయించారో ఎవరికీ గుర్తులేదు) వాటిలో ఉన్నాయి. ఇంటి ఇల్లాలు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. పాత ఇల్లు వదిలి అపార్ట్‌మెంట్‌కు మారుతూ ఇనప్పెట్టె తెరిస్తే ఇవి బయటపడ్డాయి. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో ఒకే మాట చెప్పాడు: “పారేయకమ్మా, కంప్యూటర్లోకి ఎక్కించేద్దాం.” ఎక్కించడం ఎలాగో అతనికి తెలుసు. ఎక్కించాక అందులో ఎవరెవరున్నారో చెప్పగలిగేది మాత్రం ఇంట్లో ఒక్కరే, ఆమె అత్తగారు. వయసు 87. పొద్దున పూట జ్ఞాపకం చురుగ్గానే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి కొడుకుని పట్టుకుని తమ్ముడి పేరుతో పిలుస్తుంటారు.

గడువు జ్ఞాపకానికే కాదు, టేపుకూ ఉంది. జపాన్‌కు చెందిన జేవీసీ 1976లో తెచ్చిన వీహెచ్ఎస్ మనవాళ్ల పెళ్లిపందిళ్లలోకి వచ్చింది 1980ల్లో, 1982 ఆసియా క్రీడలతో దూరదర్శన్‌కు రంగులొచ్చిన తర్వాత. వీసీఆర్ల తయారీలో చివరిదాకా మిగిలిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో చేతులెత్తేసింది. ఇప్పుడున్న వీసీఆర్లన్నీ ముసలివే. టేపుమీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు ఏళ్లు గడిచేకొద్దీ తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. గోదావరి గాలిలో అదనంగా బూజు కూడా పడుతుంది. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే ‘డెడ్‌లైన్ 2025’ పేరిట ఒక హెచ్చరిక విడుదల చేసింది. ఆ గడువులోగా డిజిటల్‌లోకి మార్చని టేపుల్లో అత్యధిక భాగం మీద ఆశ వదులుకోవాల్సిందేనని దాని సారాంశం. ఆ హెచ్చరిక ఆర్కైవులను ఉద్దేశించింది. మంచాల కింది ఇనప్పెట్టెలను ఎవరు లెక్కపెట్టారు? అసలు ఆర్కైవుల చరిత్రే మన దగ్గర అంతంతమాత్రం. తొలి భారతీయ టాకీ ఆలం ఆరా (1931)కే ఒక్క ప్రింటూ మిగల్లేదు.

హైదరాబాద్‌లోని దుకాణం 43లో 40 దక్కించింది. తెల్లగా బూజుపట్టిన వాటిని ముందు శుభ్రం చేస్తేగాని యంత్రంలో పెట్టనన్నాడు షాపతను. అలాంటిది ఒక్కటి తిరిగినా హెడ్ పాడవుతుంది, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కు కూడా బూజు అంటుకుంటుంది. అన్నిటికంటే వింత అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్‌ది. 1994 నుంచి అది చెడిపోయిందనే అందరూ అనుకున్నారు. నిజానికి దానికే జబ్బూ లేదు. అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రికార్డైన టేపును ఇక్కడి పాల్ వీసీఆర్ చదవలేకపోయింది, అంతే. చిన్నకూతురి సీమంతాన్ని ఆ తల్లి అలా మూడు దశాబ్దాలు ఆలస్యంగా చూశారు.

దుకాణం నుంచి వచ్చిన హార్డ్‌డిస్క్‌లో ఫైళ్ల పేర్లు 01, 02, 03 అని ఉన్నాయి. అసలు పని అక్కడే మొదలైంది.

లైబ్రేరియన్‌కు కేటలాగ్ కొత్త విద్యేమీ కాదు. మొదట ఎక్సెల్ షీట్‌లో వరుసలు గీశారు. బీటెక్ చదివే మేనల్లుడు వచ్చి డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చాడు. అది ప్రధానంగా ఫోటోల కోసం చేసింది. వీడియోలకూ ట్యాగులు తగిలించొచ్చు గానీ ముఖాలను గుర్తుపట్టే విద్య ఫోటోల మీదే చూపిస్తుంది. అందుకని ప్రతి వీడియో నుంచి పది సెకన్లకొక బొమ్మ చొప్పున తీశారు. మూడు గంటల పెళ్లి క్యాసెట్ నుంచి 1,080 బొమ్మలు వస్తాయి. వాటిలో చాలా భాగం ఇస్తరాకుల ముందు తలొంచుకున్న మనుషులవే.

ఏ గడులు పెట్టాలన్నది ఆమె అరువు తెచ్చుకోలేదు. లోకమంతా వాడే డబ్లిన్ కోర్‌లో 15 అంశాలున్నాయి. వాటిలో ‘ప్రచురణకర్త’, ‘హక్కులు’ లాంటివి తద్దినం వీడియోకు ఎలా నప్పుతాయి? ఆమె ఎస్.ఆర్. రంగనాథన్‌ను ఆశ్రయించారు. మద్రాసులో లెక్కల పాఠాలు చెబుతూ లైబ్రరీలోకి వచ్చిన ఆ మహానుభావుడు 1933లో కోలన్ వర్గీకరణ ప్రకటించారు. ఏ విషయాన్నయినా వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అనే ఐదు కోణాలుగా విడగొట్టొచ్చన్నది ఆయన సిద్ధాంతం. దాని ప్రకారం ఎవరు, ఏ రకం టేపు, ఏం జరుగుతోంది, ఎక్కడ, ఎప్పుడు అని ఐదు గడులు పెట్టారామె. తాళికట్టు, అప్పగింతలు ‘శక్తి’ కిందికి వచ్చాయి. రంగనాథన్ ఒప్పుకునేవారో లేదో గానీ వెతికితే మాత్రం దొరుకుతున్నాయి.

స్థలం తేలికే. ‘ఎప్పుడు’ దగ్గరే పంచాంగం విప్పాల్సి వచ్చింది. తెరమీద మూలన పడే తేదీని నమ్మితే ఆ వంశంలో నాలుగు పెళ్లిళ్లు ఒకే జనవరి 1న జరిగాయి. కెమెరాలో తేదీ సరిచేయని వీడియోగ్రాఫర్ల పుణ్యం అది. ఇక శుభలేఖలే దిక్కు. ఒక దాంట్లో ఇంగ్లిషు తేదీ ఉన్న ముక్క చిరిగిపోయి ‘శ్రీముఖ నామ సంవత్సర మాఘమాస’ అన్నంతవరకే మిగిలింది. శ్రీముఖ అంటే 1993 ఉగాదికి మొదలైన సంవత్సరం అని చూసి మేనల్లుడు 1993 కొట్టేశాడు. మాఘం వచ్చేసరికి ఇంగ్లిషు క్యాలెండర్ మారిపోతుందని, కాబట్టి అది 1994లోదని పక్క గదిలోంచే సరిదిద్దారు అత్తగారు. సాఫ్ట్‌వేర్ ఏ తేదీ ఇచ్చినా తీసుకుంటుంది. తప్పని చెప్పదు.

అసలు చిక్కు ‘ఎవరు’ అన్న గడితో వచ్చింది. పేరు, ఇంటిపేరు రాయమంటుంది సాఫ్ట్‌వేర్. తెలుగు ఇళ్లలో మనుషులు తెలిసేది పేర్లతోనా? తణుకు అత్త, సిమెంటు బాబాయి, రంగూన్ తాతయ్య, రైలు మామయ్య. ఊరో ఉద్యోగమో ముందు, వరస తర్వాత. పైగా ఆ వరస మనిషిది కాదు, పిలిచేవాళ్లది. ఒకే స్త్రీ ఇంటాయనకు తణుకు అత్త, ఆయన తల్లికి వదినగారు, పిల్లలకు తణుకు మామ్మ. ఆమెకు రేషన్ కార్డులో ఒక పేరుంటే శుభలేఖలో ఇంకో పేరుంది. ఈ ముగ్గురూ తలొక పేరు రాస్తే సాఫ్ట్‌వేర్ దృష్టిలో ముగ్గురు మనుషులు తయారవుతారు.

ఈ వరసల ముచ్చట కొత్తదేం కాదు. అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బంధుత్వ పదాల మహా పట్టికల్లో తమిళం, కన్నడంతోపాటు తెలుగు వరసలూ ఉన్నాయి. నాన్న అన్నదమ్ములు నాన్నలేనని, నాన్న అక్కచెల్లెళ్లు మాత్రం అత్తలని, తేడా అక్కడే మొదలవుతుందని ఆయన అప్పుడే గమనించారు. కంప్యూటర్లు ఆ దారిన రాలేదు. వంశవృక్షాల కోసం మోర్మన్ చర్చి 1980ల్లో రూపొందించిన జెడ్‌కామ్ పద్ధతిలో కుటుంబమంటే భర్త, భార్య, పిల్లలు. మిగతా వరసలన్నీ లెక్కగట్టుకోవాల్సిందే. మేనమామను చేసుకున్న అమ్మాయికి కన్నతల్లే ఆడపడుచు అవుతుందని ఆ లెక్కకు చెబితే ఒకే మనిషి రెండు కొమ్మల మీద కనిపిస్తాడు. ఈ ఇంట్లో అలాంటి పెళ్లిళ్లు మూడున్నాయి.

చివరికి ఆమె ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. శుభలేఖలోని పేరే అసలు పేరు. పిలుపులన్నీ మారుపేర్ల గడిలో, ఎన్నుంటే అన్ని. వరస మాత్రం ఒక్కరి వైపు నుంచే, అత్తగారి వైపు నుంచి. గుర్తుపడుతున్నది ఆవిడే కాబట్టి. “ఆవిడ తర్వాత ఈ వరసలు ఎవరికి అర్థమవుతాయి?” అని ఇంటాయన అడిగిన మాటకు ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

రోజూ పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా పని. కాఫీ తాగాక అత్తగారు కుర్చీ తెర దగ్గరకు జరిపించుకుంటారు. “వీడు సిమెంటు బాబాయి రెండోవాడు. కాదు కాదు, మూడోవాడు. రెండోవాడికి మెల్ల ఉండాలి. ఏదీ, కొంచెం ఆపమ్మాయ్.” ఒక్క ముఖం నుంచి మూడు పెళ్లిళ్ల గొడవలు, ఒక పొలం తగాదా బయటికొస్తాయి. కోడలు వాటిని ‘వివరణ’ గడిలో టైప్ చేస్తారు, కొన్నిటిని చేయరు. 1986 నాటి క్యాసెట్‌లో ఆవిడ భర్త కండువా సర్దుకుంటూ నడిచొచ్చిన రోజున మాత్రం పని సాగలేదు. ఆ ముక్కనే నాలుగుసార్లు వేయించుకుని ఆవిడ లేచి వెళ్లిపోయారు.

ముఖాల విషయంలో సాఫ్ట్‌వేర్ తెలివి గురించి గొప్పగా చెప్పుకోవడానికి లేదు. వీహెచ్ఎస్ బొమ్మ అసలే మసక. 1988 నాటి తల్లినీ 2008 నాటి కూతురినీ కలిపి ఒకే మనిషి అంటుంది. గోడమీది క్యాలెండర్‌లో ఉన్న లక్ష్మీదేవి చుట్టూ చదరం గీసి పేరు చెప్పమంటుంది. అక్కర్లేని ముఖాలను పడేయడానికి అందులో ‘ఇగ్నోర్డ్’ అనే గడి ఉంది. లక్ష్మీదేవిని అందులో వేయడానికి ఆమెకు చేతులు రాలేదు. ‘దేవుళ్లు’ అని వేరే ట్యాగు పెట్టారు.

అన్నీ గుర్తుపట్టడమూ మంచిది కాదు. 17వ నంబరు 2003 నాటి పెళ్లి. ఇంటాయన మేనకోడలిది. ఆ కాపురం రెండేళ్లకే ముగిసింది. ఆమె ఇప్పుడు బెంగళూరులో మళ్లీ పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లలతో ఉంది. జాబితా సంగతి తెలిసి ఫోన్ చేసింది: “అత్తయ్యా, అది తీసేయ్. మా పిల్లలెవరైనా నా పేరు కొడితే అదే ముందొస్తుంది.” కేటలాగ్ పనే అది. పెట్టె అడుగున ఉన్నంతకాలం క్యాసెట్ ఎవరినీ బాధపెట్టదు. పేరు తగిలించాక ఎప్పుడైనా ఎదురుపడొచ్చు. కానీ అదే టేపులో, పందిట్లో వచ్చినవారిని పలకరిస్తూ, అత్తగారి భర్త ఆఖరిసారి కనిపిస్తారు. ఆ తర్వాత నాలుగు నెలలకే ఆయన పోయారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సొంత అవసరాలకో ఇంటి అవసరాలకో మనుషులు దాచుకునే సమాచారానికి వర్తించదు. చట్టం ఆ ఇంట్లోకి రాలేదు గానీ మేనకోడలు వచ్చింది. ఇద్దరూ కూర్చుని తాతగారున్న 11 నిమిషాలు కత్తిరించి ఉంచారు. మిగిలింది పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆమె చేతికిచ్చి, ఇంట్లోని మూడు కాపీల్లోనూ చెరిపేశారు. జాబితాలో 17కు ఎదురుగా ‘2003, ఒక భాగం మాత్రమే’ అని ఉంది. ఎందుకో రాయలేదు. లైబ్రేరియన్‌గా అది ఆమెకు ఇప్పటికీ నచ్చని ఎంట్రీ. అయినా అలాగే ఉంచారు.

గుర్తుపట్టని ముఖాలకు తెలియదు-1, తెలియదు-2 అని పేర్లు పెట్టుకుంటూ పోయారు. ఒక్కసారి పేరు తగిలించాక అదే ముఖం ఇంకెక్కడ కనిపించినా ఇదీ ఆవిడేనా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. పొరపాట్లు ఏరేశాక ట్యాగు పక్కన ఎన్ని బొమ్మలున్నాయో అంకె పడుతుంది. అలా పెరిగిన అంకెల్లో అందరికంటే ముందున్నది అత్తగారు. రెండో స్థానం ‘తెలియదు-7’ది.

ఎప్పుడూ బొమ్మకు ఓ అంచునే ఉంటుంది ఆవిడ. బిందెతోనో, విస్తళ్ల కట్టతోనో, ఎవరి బిడ్డనో చంకనేసుకునో. 1986 నుంచి 2004 దాకా 22 రికార్డింగుల్లో ఉంది. కెమెరా ఒక్కసారీ ఆవిడ కోసం ఆగలేదు. ఇంట్లో అందరికీ ఆవిడ తెలుసు. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు పనిచేసింది. ‘పెద్దపాప తల్లి’ అని పిలిచేవారు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. మామగారు పైసా వదలకుండా రాసుకున్న పద్దు పుస్తకాల్లో నెలనెలా ‘పనిమనిషి’ అన్న మాటే ఉంది. అత్తగారినడిగితే “పేరెందుకు లేదే, ఉంది, ఉండకేం” అన్నారు. మర్నాడూ అదే మాట. మరిచిపోయారో, అసలెప్పుడూ తెలియదో ఇక తేలేది కాదు. తణుకు అత్తకు నాలుగు పేర్లు నమోదైన జాబితాలో ఈవిడ గడి ఖాళీగా ఉంది.

పాత వీధిలో పాలు పోసే కుటుంబం ద్వారా పెద్దపాప ఆచూకీ దొరికింది. కోటగుమ్మం దగ్గర బట్టల కొట్లో పనిచేస్తోంది, వయసు నలభై పైనే. ఓ ఆదివారం వచ్చింది. నేలమీద కూర్చోబోతే లైబ్రేరియన్ కుర్చీ చూపించారు. “ఇక్కడే బాగుందండి” అంది, కాసేపటికి కూర్చుంది. తల్లి పోయి పదేళ్లు దాటిందట. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీది ఫోటో ఒక్కటే. తల్లి పేరు చెప్పింది. ‘తెలియదు-7’ను మార్చడానికి ఐదు సెకన్లు పట్టింది. ట్యాగు మారగానే 22 రికార్డింగుల్లోనూ ఆ పేరు వచ్చేసింది. ఈ ఒక్క విషయంలో సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకోక తప్పదు.

ఆవిడ కనిపించే ముక్కలన్నీ కలిపి మేనల్లుడు అంతకుముందే ఒకచోట చేర్చాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు. “ఆ చంకలో ఉన్నది నేను కాదండి, మా తమ్ముడు” అని ఒకచోట సరిదిద్దింది. వంటవాణ్ణి గుర్తుపట్టింది. వీడియోవాళ్ల లైటు పట్టుకున్న కుర్రాణ్ణీ గుర్తుపట్టింది. అతను ఇప్పుడు ధవళేశ్వరంలో సొంత స్టూడియో నడుపుతున్నాడట. తెలియదు-3, తెలియదు-12 అలా తీరిపోయాయి. ఇల్లాలు టైప్ చేస్తున్నంతసేపూ ఆమె తెరవైపే చూస్తూ ఉంది. “అమ్మ మాట్లాడుతోంది కదండి. వినపడదేం?”

వినపడదు. పెళ్లి వీడియోలన్నీ ‘మిక్సింగ్’ చేయించినవి. హృదయం బొమ్మలో వధూవరుల ముఖాలు, విచ్చుకునే తామరపువ్వులు, మూడు గంటలూ సినిమా పాటలు. పాట వేసినచోటల్లా పందిట్లో మాటలు చెరిగిపోయాయి. ఆ రోజుల్లో మిక్సింగ్ లేని క్యాసెట్ చవకరకం కింద లెక్క.

మిక్సింగ్ చేయించనిది ఒక్కటుంది: 1991 నాటి గృహప్రవేశం, 9వ నంబరు. డబ్బు సరిపోక అలాగే వదిలేశారు. అందులో 41వ నిమిషం దగ్గర పొయ్యిమీద పాలగిన్నె కనిపిస్తుంది, మనిషి కనిపించదు. బొమ్మ అవతలి నుంచి ఒక గొంతు: “అమ్మగారూ, పొంగుతున్నాయి!” ముఖాలు వెతికే సాఫ్ట్‌వేర్‌కు అది దొరికే అవకాశమే లేదు. అది ఎవరి గొంతో చెప్పింది అత్తగారు. వేళ అప్పటికి సాయంత్రం నాలుగు దాటింది.

పెద్దపాప పట్టుకెళ్లిన పెన్‌డ్రైవ్‌లో ఆ ఏడు సెకన్లను విడిగా ఒక ఫైలు చేసి పెట్టారు. జాబితాలో ఇప్పుడు ఆరో గడి ఒకటి చేరింది: గొంతు. దానికోసం 40 రికార్డింగులనూ మళ్లీ మొదటి నుంచి, ఈసారి కళ్లు మూసుకుని వింటున్నారు.